చుక్కలక్క హస్తవాసి

పట్టపగలు చుక్కలు చూపించే మనుషులు ప్రతి ఆఫీసులోనూ ఒకరిద్దరు ఉంటారు. పట్టపగలు చుక్కలు చూడ్డమే ఉద్యోగమైన మనిషి మాత్రం ఆ ల్యాబులో ఒకావిడే. గుండ్రటి ప్లాస్టిక్ ప్లేట్లో జెల్లీలాంటి మేత పోసి, దానిమీద బ్యాక్టీరియా కలిపిన నీళ్ళు కాస్త పరిచి, వెచ్చటి పెట్టెలో పెడితే, బతికున్న ప్రతి ప్రాణీ తనకంటూ ఓ కాలనీ కట్టుకుని మర్నాటికి చుక్కై పైకి తేలుతుంది. మనుషులు ఒక కాలనీ కట్టాలంటే ఎన్ని పర్మిషన్లు! వీటికి ఒక్క పూట చాలు. ప్లేటు బోర్లించి, మార్కరుతో ఒక్కో చుక్క మీదా ఒక్కో చుక్క పెడుతూ లెక్క తేల్చడం ఆవిడ పని. అందుకని డైరెక్టరు నుంచి గేటు వాచ్‌మన్ వరకూ అందరికీ ఆవిడ చుక్కలక్కే.

డైరెక్టరుని వెనకాల అందరూ పిలుచుకునే పేరు వెండికొండ. మనిషి కొండలాగే ఉంటాడు, వెండి గురించి తప్ప మాట్లాడడు. మూత్రం రాని రోగులకి వేసే సన్నటి గొట్టానికి లోపల వెండి నానో కణాల పూత పూయించి, ఆ గొట్టంలో బ్యాక్టీరియా చేరకుండా చెయ్యాలని ఆయన పంతం. “సూక్ష్మజీవులకి సూక్ష్మంలో మోక్షం” అంటాడు. “నానో అంటే ఏమిటోయ్? నాన్చకుండా చంపేది!” అంటాడు. ఈ రెండు జోకులూ ల్యాబులో అందరికీ కంఠతా వచ్చు. అయినా నవ్వుతారు. నవ్వడం జాబ్ డిస్క్రిప్షన్‌లో లేదుగాని, నవ్వకపోతే జాబే ఉండదు.

ఆ సోమవారం మీటింగులో ఆయన రెండు చేతుల్లో రెండు ప్లేట్లు పట్టుకుని కిటికీ వెలుగుకి ఎత్తాడు.

“ఇది మన చుక్కలక్క ప్లేటు. చుక్క లేదు. అద్దం! ఇందులో చూసుకుని తల దువ్వుకోవచ్చు.”

ఆయన తలమీద దువ్వడానికి ఏమీ లేదు. నవ్వచ్చో కూడదో తెలీక ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆయన నవ్వాక నవ్వారు.

“ఇదేమో మన కొత్తమ్మాయి ప్లేటు. అదే గొట్టం, అదే పూత, అదే పురుగు. చూశారా, దద్దుర్లు లేచినట్టు ఎలా ఉందో?”

కొత్తమ్మాయి కుర్చీలోంచి సగం లేచింది. చేరి నాలుగు నెలలైనా ఆ అమ్మాయి ఇంకా కొత్తమ్మాయే. “సార్, అవి మర్నాడు చూసిన ప్లేట్లు కావండి. మా పాపకి జ్వరం వచ్చి నాలుగు రోజులు నేను రాలేదు కదా, ప్లేట్లు పెట్టెలోనే ఉండిపోయాయి. వచ్చి చూస్తే...”

“ఉండిపోతే ఏదైనా మొలుస్తుందమ్మా! వానాకాలంలో చెప్పులు గుమ్మంలో వదిలి ఊరెళ్ళొస్తే వాటిమీదా మొలుస్తుంది. అది నాకు చెప్పుకోవాల్సిన సంగతా?” మళ్ళీ నవ్వులు. “ఇది బయట్నించి పడ్డ మురికి. చెయ్యి శుభ్రంగా లేదు, అంతే. ఈ పనికి హస్తవాసి ఉండాలి. చుక్కలక్కకి ఉంది, నీకు లేదు. ఒకరి తప్పు కాదు, కొందరి చెయ్యి అంత.”

వైద్యులకి ఉంటుందనుకునే హస్తవాసిని ల్యాబులోకి తెచ్చినవాడు వెండికొండే. ఫలానావాళ్ళు చేస్తే పని సరిగ్గా వస్తుంది, ఫలానావాళ్ళు చేస్తే రాదు. ఎందుకు రాదో వెతికే ఓపిక లేనప్పుడు ఆ మాట చాలా పనికొస్తుంది.

“శనివారం హాస్పిటల్ వాళ్ళు వస్తున్నారు. చూసి సరే అంటే గొట్టాలు తిన్నగా వార్డుకే. అందాకా నువ్వు గాజు గదిలో సీసాలూ సామానూ కడుగు తల్లీ. తర్వాత నీ ప్రొబేషన్ సంగతి చూద్దాం.”

ఆయన ‘చూద్దాం’ అన్న మనిషిని ఆ తర్వాత ఆ ల్యాబులో ఎవరూ చూడలేదు. కొత్తమ్మాయికి కూడా అది తెలుసు. కూర్చుని కోటు గుండీ ఊడదీసింది, మళ్ళీ పెట్టుకుంది.

చుక్కలక్క చూస్తున్నది కొత్తమ్మాయిని కాదు, ప్లేటుని. గాల్లోంచి పడ్డ మురికైతే రకరకాలుగా ఉంటుంది. ఒకటి పసుపు, ఒకటి నారింజ, ఒక మూల నూగునూగుగా బూజు. పిలవని పేరంటానికి వచ్చినవాళ్ళలా ఎవరి వేషం వాళ్ళది. ఈ చుక్కలన్నీ ఒకటే రంగు. ఒకటే సైజు, ఆవగింజలో సగం. గాజుకడ్డీతో పరిచినంత మేరా సమంగా ఉన్నాయి. అది మురికి కాదు.

మాట నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే వెండికొండ ఆవిడ వైపు తిరిగి, “శనివారం ప్లేట్లు చూపించేది నువ్వే. ఒకటో తారీకు నుంచి టెస్టింగ్ సెక్షన్‌కి ఇన్‌చార్జివి కూడాను” అన్నాడు. చప్పట్లు మోగాయి. నాలుక చివరి మాట వచ్చిన దారినే వెనక్కి పోయింది.

*

“ఏమోయ్, ఆ చెంచా ఏం పాపం చేసింది?” అన్నాడు భర్త.

చుక్కలక్క టీలో పంచదార ఎప్పుడో కరిగిపోయింది. అయినా తిప్పుతూనే ఉంది. చెంచా కింద పెట్టి గోడ మీద క్యాలెండరు సర్దింది. అది వంకరగా లేదు. సర్దాక వంకరైంది.

భర్త రైల్వే ఎంక్వైరీ కౌంటరులో పనిచేస్తాడు. పొద్దస్తమానం మైకులో మాట్లాడి, ఇంట్లో కూడా ప్రకటనలే చేస్తాడు. “ప్రయాణికులకు గమనిక. ఇంటావిడ మనశ్శాంతి నిరవధికంగా ఆలస్యంగా నడుస్తోంది. కలిగిన అసౌకర్యానికి...”

“కాసేపు ఊరుకుంటారా?”

“ఇన్‌చార్జిని చేస్తే చార్జింగ్ అయిపోయినట్టు ఉన్నావేంటి?”

చెప్పింది. గొట్టం, ప్లేటు, కొత్తమ్మాయి, ఆ ఒకటే సైజు చుక్కలు. ఆయన అంతా విని, బిస్కెట్ టీలో ముంచి, అది విరిగి మునిగిపోతే వేలు పెట్టి తీసుకున్నాడు.

“మరి నీ ప్లేట్లో ఎందుకు రాలేదు?”

“రాలేదు. అంతే.”

“మా దగ్గర అలా అంటే జనం కొడతారు. రాలేదంటే రద్దయిందా, లేటా? ఏదో ఒకటి చెప్పాలి.”

“మర్నాడు పొద్దున్న లెక్కపెట్టి పారేస్తాం కదండీ. ఇక లేటేమిటి?”

అనేసి ఆగిపోయింది. ఆయనకి తను ఏమన్నాడో తెలీదు. రెండో బిస్కెట్ ముంచే పనిలో ఉన్నాడు. చుక్కలక్క లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో గుర్తురాక తిరిగొచ్చింది, మళ్ళీ వెళ్ళింది.

మర్నాడు లెక్కపెట్టి పారెయ్యడం ఆ ల్యాబులో వేదవాక్కు. ఉన్నది ఒకటే వెచ్చటి పెట్టె. రెండోది చెడిపోయి, అందులో అందరూ గొడుగులు పెట్టుకుంటున్నారు. అందుకని పొద్దున్నే చూడు, లెక్కపెట్టు, పారెయ్యి. అందరికన్నా ముందు తన అర ఖాళీ చేసేది చుక్కలక్కే. నీళ్ళలో విడివిడిగా ఈదే బ్యాక్టీరియా మీద పరీక్షలు చేసినన్నాళ్ళూ ఆ పద్ధతికి వంక లేదు. బతికినవి బతుకుతాయి, చచ్చినవి చస్తాయి, మర్నాటికి తేలిపోతుంది. కాని గొట్టంలోవి ఈదవు. గోడకి అంటుకుని, జిగురు కక్కి, ఆ జిగురులో ఒకదానిమీద ఒకటి పొరలు పొరలుగా కాపురం పెడతాయి. ఏడాది కింద ల్యాబు ఈతగాళ్ళని వదిలి ఈ జిగురుగాళ్ళ మీదకి వచ్చింది. పని మారింది, పద్ధతి మారలేదు. ఆ పొరల దగ్గరే పొరపాటు జరిగిందేమోనని ఎవరికీ తట్టలేదు. తనకీ తట్టలేదు.

*

మంగళవారం పొద్దున్న పెట్టె తెరిచి తన ప్లేట్లు తీసింది. అద్దాలు. ఒక్క చుక్క లేదు. పక్కన పూత లేని మామూలు గొట్టం తాలూకు ప్లేట్లు లెక్కకి అందనంత నిండుగా, పాలమీగడ పరిచినట్టు ఉన్నాయి.

పారేసే బకెట్ దొర్లించుకుంటూ బాబాయి వచ్చాడు. వాడేసిన ప్లేట్లన్నీ పెద్ద ప్రెషర్ కుక్కర్‌లాంటి ఆటోక్లేవ్‌లో ఉడకబెట్టి బయట పారెయ్యడం ఆయన డ్యూటీ. వయసు కొద్దీ అందరికీ బాబాయి.

“పడెయ్ చుక్కలమ్మా. నా కుక్కర్ ఆకలిమీదుంది.”

చెయ్యి అలవాటుగా బకెట్ వైపు సాగింది. సగం దారిలో ఆగింది.

“ఉండనీ బాబాయ్.”

“ఉండనీయడమా? నువ్వా?” బాబాయి ఆవిడ మొహంలోకి చూశాడు. “ఒంట్లో బాగుందా?”

“బాగానే ఉంది. ఈ ప్లేట్లు ఇంకొన్నాళ్ళు ఉంటాయి. ఎవరికీ చెప్పకు.”

“నాకెవరు చెప్తారని, నేనెవరికి చెప్పేది!” అని బకెట్ దొర్లించుకుంటూ పోయాడు. కారిడార్ చివర్న ఎవరితోనో, “చుక్కలమ్మ ప్లేట్లు దాస్తోంది, ఎవరికీ చెప్పకు” అనడం స్పష్టంగా వినపడింది.

ప్లేట్లని అన్నిటికన్నా కింది అరలో, వెనక్కి నెట్టి, ముందు ఖాళీ డబ్బా అడ్డం పెట్టింది. తర్వాత గాజు గదికి వెళ్ళింది. అక్కడ ఆవిడకి పనేమీ లేదు.

కొత్తమ్మాయి మోచేతులదాకా రబ్బరు తొడుగులతో ఫ్లాస్కులు కడుగుతోంది. సన్నమెడ సీసాలోకి బ్రష్ దూర్చి, తిప్పి, నీళ్ళు పోసి, వెలుగుకి ఎత్తి చూసి, మళ్ళీ బ్రష్ దూర్చింది. అప్పటికే అది మెరుస్తోంది.

“పాపకెలా ఉంది?”

“తగ్గిందక్కా. స్కూలుకి వెళ్ళింది.” ఫ్లాస్కు బోర్లించింది. “మా పాప అడిగింది, అమ్మా నువ్వు సైంటిస్టువి కదా, చేతులకి సబ్బు వాసనేంటని. సైన్సంటే శుభ్రతే తల్లీ అన్నాను.”

చుక్కలక్కకి నవ్వు రాలేదు. బ్రష్ తీసుకుని ఒక సీసా కడగబోయింది. కొత్తమ్మాయి బ్రష్ వెనక్కి లాక్కుంది.

“వద్దక్కా. మీ చేతికి మురికంటుతుంది.”

ఎత్తిపొడుపో మామూలు మాటో తెలీలేదు. “ఆ ప్లేట్లు ఎలా చేశావో మొదట్నించీ చెప్పు” అంది చుక్కలక్క.

చెప్పింది. గొట్టం ముక్క తీసి, మూడుసార్లు కడిగి, లోపలి జిగురు గీకి, గట్టిగా కుదిపి విడగొట్టి, ప్లేటు మీద పరిచింది. ఎక్కడా తేడా లేదు. ఉన్నది ఒకటే తేడా. పాపకి జ్వరం వచ్చింది.

“నాకేమనిపిస్తుందంటే అక్కా,” అంది కొత్తమ్మాయి తలెత్తకుండా, “పైపొరలో ఉన్నవి వెండి తగిలి చస్తున్నాయి. కణాలు ఆ జిగురుకే అతుక్కుని ముద్ద కట్టి, కిందికి దిగడం లేదు. కిందపొరలోవి ముడుచుక్కూర్చుంటాయి. తినవు, పెరగవు. గీకి ప్లేటు మీద వేసినా వెంటనే లేవవు. భయం తగ్గాలి కదా. తగ్గాక లేస్తాయి. పూత పల్చబడ్డ చోట జిగురు ఇంకా చిక్కగా కట్టిందక్కా, నేను చేత్తో చూశాను. వేలు జారిపోయింది.”

“మీటింగులో ఇదంతా ఎందుకు చెప్పలేదు?”

“చెప్పనిచ్చారా?” కొత్తమ్మాయి మొదటిసారి తలెత్తింది. “మీరు ప్లేటు చూశారు కదక్కా. మీరు చూడగానే గుర్తుపట్టారని నాకు తెలుసు.”

కుళాయి ధారగా పోతోంది. చుక్కలక్క దాన్ని కట్టేసి, వాచీ చూసుకుని, “పనుంది” అని వచ్చేసింది. పనేమీ లేదు.

*

బుధవారం ప్లేట్లు అద్దాల్లాగే ఉన్నాయి.

ఆవిడకి గుండెల మీంచి బండ దించినట్టయింది. అలా అయినందుకు వెంటనే సిగ్గేసింది. ఏమీ రాకపోతే ఆ పిల్ల చెయ్యి నిజంగానే మురికన్నమాట. గొట్టం మంచిది, వెండి మంచిది, తన హస్తవాసి మంచిది, ఒకటో తారీకు మంచిది. ఇన్ని మంచివాటికి ఒక పిల్ల ఉద్యోగం ఖర్చు. ప్లేటు వెలుగుకి పట్టుకుని, రాకూడదు అనుకుంది. కింద పెట్టేలోపు, రావాలి అనుకుంది.

మధ్యాహ్నం నుంచి పదేపదే పెట్టె తలుపు తీయడం మొదలెట్టింది. తీసినప్పుడల్లా వెచ్చదనం పోతుంది. పక్క టేబుల్ కుర్రాడు ఉండబట్టలేక, “అక్కా, అది పొదిగే పెట్టె. మీరు కోడిపెట్టలా మాటిమాటికీ లేస్తే ఏం పొదుగుతుంది?” అన్నాడు. ఇంకోరోజైతే వాడికి తగిన జవాబు దొరికేది. ఆ రోజు మార్కర్ల మూతలన్నీ తీసి, రంగు ప్రకారం పెట్టి, మళ్ళీ కలిపేసింది. సాయంత్రం బస్సులో సీటు ఖాళీ ఉన్నా నిలబడే వెళ్ళింది.

గురువారం పొద్దున్న కోటు కూడా వేసుకోకుండా కింది అర ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. డబ్బా జరిపి, ప్లేటు తీసి, కిటికీ దగ్గరికి నడిచింది.

మొదట ఏమీ లేదు. వెలుగుకి కాస్త వాలుగా పట్టింది. అప్పుడు కనిపించాయి. సూదిమొనంత, ఒకటే రంగు, ఒకటే సైజు, పరిచినంత మేరా. ఇంత మంచి వరస ఆవిడ చెయ్యి పరిస్తేనే వస్తుంది. ఆ సంగతి ల్యాబులో ఎవరికైనా తెలుసు.

మార్కరు మూత తీసింది. ప్లేటు బోర్లించి, వెనక ఒక్కో చుక్క మీదా ఒక్కో చుక్క పెట్టుకుంటూ పోయింది. సగంలో లెక్క తప్పింది. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. మళ్ళీ మొదట్నించీ పెట్టింది.

ఇవి గొట్టంలో వేసిన పురుగులేనా కాదా అని తేల్చుకోవడం మిగిలింది. ఒక చుక్కని తీగ కొసతో తాకి, కొత్త ప్లేటు మీద, వెండి ఊసే లేని మేత మీద గీసింది. గొట్టంలో మొదట వేసిన బ్యాక్టీరియా పెరిగితే ఆకుపచ్చ రంగు దిగుతుంది, ద్రాక్షపళ్ళ వాసన వేస్తుంది. శుక్రవారం పొద్దున్న మూత ఎత్తకముందే వాసన తగిలింది. ప్లేటు నిండా ఆకుపచ్చ. ఇన్నాళ్ళు ముడుచుక్కూర్చున్నవి ఒక్క పూటలో ఒళ్ళు విరుచుకున్నాయి.

*

వెండికొండ ప్లేట్లు రెండూ బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూశాడు. జోకు వెయ్యలేదు. ఆయన జోకు వెయ్యకపోతే గది చిన్నదైనట్టు ఉంటుంది.

“ఎప్పటివి ఇవి?”

“సోమవారం పరిచినవి సార్. పారెయ్యకుండా ఉంచాను.”

“ఎందుకు ఉంచావు? మన పద్ధతి మర్నాడు కదా?”

“అది ఈదేవాటికి పెట్టుకున్న పద్ధతి సార్. గొట్టంలోవి ఈదడం లేదు, నక్కి కూర్చుంటున్నాయి. మనం లేచేదాకా ఆగడం లేదు. లేచేలోపే బాబాయి ఉడకబెట్టేస్తున్నాడు.”

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు, మళ్ళీ ముందుకి వంగాడు. కళ్ళజోడు తీసి చొక్కాతో తుడిచి, పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నాడు. జోడు లేకపోతే ఆయన మొహం మామూలు ముసలాయన మొహంలా ఉంది.

“హాస్పిటల్‌కి మాటిచ్చాను చుక్కలక్కా. ఏ గొట్టంగాడూ చెయ్యలేని గొట్టం మనం చేశామని నలుగురిలో చెప్పాను.” ఆగాడు. తర్వాత గొంతు మెత్తగా, దాదాపు బతిమాలుతున్నట్టు వచ్చింది. “ఆ అమ్మాయి పెట్టె దగ్గరికి వచ్చిందా ఈ వారంలో? నీ ప్లేట్లు ముట్టుకుని ఉండొచ్చు కదా?”

అదొక తలుపు. తీసే ఉంచాడు. తను ‘ఏమో సార్’ అంటే చాలు. అబద్ధం కూడా కాదు, ఏమో అంటే ఏమోనే. ఆ రెండక్షరాలతో గొట్టం బతుకుతుంది, కొండ బతుకుతుంది, ఇన్‌చార్జి బతుకుతుంది.

“లేదు సార్. ఎవరూ ముట్టుకోలేదు. నా చేతివే.”

“అయితే నీ హస్తవాసి పోయిందన్నమాట.”

“ఉన్నట్టు లేదు సార్ ఎప్పుడూ. త్వరగా పారేసే అలవాటుంది, అంతే.”

వెండికొండ కళ్ళజోడు పెట్టుకున్నాడు. మళ్ళీ కొండయ్యాడు. “రేపు చూపించేవి మర్నాటి ప్లేట్లు. ఈరోజు పరుచు, రేపు చూపించు. పద్ధతి ప్రకారం. మిగతాది తర్వాత చూద్దాం.”

ఆ ‘చూద్దాం’ ఇప్పుడు ఇద్దరికీ వర్తిస్తుందని ఆవిడకి తలుపు దాటాక తెలిసింది.

సాయంత్రం భర్త ఏదో ప్రకటన మొదలెట్టి, ఆవిడ మొహం చూసి మధ్యలో ఆపేశాడు. “ఏదైనా ఒకటి తేల్చెయ్యవే. ప్లాట్‌ఫామ్ మీద అటూ ఇటూ తిరిగితే రైలు తొందరగా రాదు” అన్నాడు మామూలు గొంతుతో. ఆయన మామూలు గొంతు విని చాలా రోజులైంది.

*

శనివారం హాస్పిటల్ నుంచి ముగ్గురొచ్చారు. ముందు నడిచింది పెద్ద డాక్టరమ్మ. పొట్టిగా ఉంది, వేగంగా ఉంది, చేతిలో ఏమీ లేదు. వెండికొండ గొట్టం కథంతా చెప్పాడు. సూక్ష్మంలో మోక్షం చెప్పాడు. నానో, నాన్చుడు చెప్పాడు. డాక్టరమ్మ నవ్వింది. ల్యాబువాళ్ళు ఆవిడ నవ్వాక ఇంకా గట్టిగా నవ్వారు.

“ఇప్పుడు మా చుక్కలక్క చూపిస్తారు. ఈవిడ చేతి ప్లేటంటే ఇక అపీలు లేదు.”

చుక్కలక్క ఎడంచేత్తో మామూలు గొట్టం ప్లేటు ఎత్తింది. మీగడ. కుడిచేత్తో వెండి గొట్టం ప్లేటు ఎత్తింది. అద్దం. డాక్టరమ్మ వంగి రెండూ చూసింది.

“బాగుందే! అయితే అన్నీ చచ్చిపోయాయన్నమాట.”

కారిడార్‌లో టీ కప్పుల చప్పుడు. ఒకాయన అప్పుడే తలుపు వైపు తిరిగాడు. ఇంకో నిమిషం ఊరుకుంటే అంతా తలుపు దాటుతారు.

“ఇవాళ్టికి లేవండి” అంది చుక్కలక్క.

“ఇవాళ్టికి అంటే?”

“నిన్న పరిచిన ప్లేటు ఇది. పారెయ్యకుండా ఉంచితే చుక్కలొస్తాయి. వెండికి పైపొరే చస్తోంది. కింద నక్కినవి నెమ్మదిగా లేస్తాయి. మేము లేచేదాకా ఆగకుండా పారేస్తూ వచ్చాం.” ఎడంచేతిలో ప్లేటు కింద పెట్టింది. “సోమవారం పరిచినవి ఉంచాను. అవి వచ్చాయి. నాకన్నా ముందు మా కొత్తమ్మాయికి వచ్చాయి. నేను చూసి గుర్తుపట్టాను. మీటింగులో నోరెత్తలేదు. తన చెయ్యి మురికన్నారు, ఊరుకున్నాను. మురికి కాదండి.”

వెండికొండ నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, తీయడం మర్చిపోయినట్టు. గుమ్మం దగ్గర బాబాయి టీ ట్రే పట్టుకుని లోపలికి రావాలో వెనక్కి పోవాలో తెలీక ఒక కాలు ఎత్తి నిలబడ్డాడు.

డాక్టరమ్మ ప్లేటు తన చేతిలోకి తీసుకుంది. ఖాళీ ప్లేటుని, చదవాల్సింది ఏదో ఉన్నట్టు, ఇటూ అటూ తిప్పింది.

“మా పేషెంట్లకి గొట్టం ఒక్కరోజుకి వెయ్యం” అంది వెండికొండతో, కోపమేమీ లేకుండా. “ఇది ఉంచండి. చుక్కలొచ్చినా రాకపోయినా నాకు ఫోన్ చెయ్యండి. అప్పుడు మాట్లాడుకుందాం.” ప్లేటు చుక్కలక్క చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. టీ ఎవరూ తాగలేదు.

అందరూ సర్దుకున్నాక వెండికొండ ఆవిడ బల్ల దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. చుక్కలక్క కోటు జేబులోంచి, ప్లేట్లు పరిచే కల్చర్ రూము తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టింది.

*

మంగళవారం ఆవిడ వచ్చేసరికి కల్చర్ రూము తలుపు తీసే ఉంది. వెండికొండ మీద కోటు ఉంది. ఎప్పుడో సన్నగా ఉన్నప్పటి కోటు, గుండీలు పట్టక తాడుతో ముందు ముడేశాడు. శనివారం అందరూ వెళ్ళిపోయాక ఆయన ఒక్కడే కూర్చుని, తన చేత్తో, కొత్త గొట్టం ముక్కల మీంచి ప్లేట్లు పరిచాడని బాబాయి కారిడార్‌లోనే చెప్పాడు, ఎవరికీ చెప్పవద్దని.

ఆ ప్లేట్లలో ఒకటి ఇప్పుడు కిటికీ దగ్గర ఆయన చేతిలో ఉంది. వాలుగా పట్టాడు. పక్కన కొత్తమ్మాయి, రబ్బరు తొడుగులు నడుముకి దోపుకుని నిలబడింది. గాజు గదిలోంచి పిలిపించినట్టున్నాడు.

“ఇక్కడ... ఇవేనా?” అన్నాడు.

“అవే సార్. ఇంకా కొన్ని లేవాలి.”

“ఇవాళే లెక్కపెట్టెయ్యనా, ఇంకో రోజు ఆగమంటావా?”

అడుగుతున్నది వెండికొండ. అడిగించుకుంటున్నది కొత్తమ్మాయి. చుక్కలక్క సంచీ భుజాన వేసుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. కొత్తమ్మాయి ప్లేటు అందుకుని, చూసి, తాపీగా ఆలోచించింది.

“ఇవాళ ఒకసారి, ఎల్లుండి ఒకసారి లెక్కపెడదాం సార్.”

“అలాగే. నువ్వు చెప్పు, నేను చుక్క పెడతాను. నాకు ఇంత చిన్నవి కనపడవు.” మార్కరు కోసం తిరిగి, గుమ్మంలో మనిషిని చూశాడు. మొహం తిప్పుకోలేదు, పలకరించనూ లేదు. “గాజు గదిలో పని ఆగిపోయింది. ఎవరు చూస్తున్నారు?” అన్నాడు, గోడనడిగినట్టు.

కొత్తమ్మాయి కంగారుగా నోరు తెరిచింది.

“నేను చూస్తాను సార్” అంది చుక్కలక్క.

కొత్తమ్మాయి నడుం దగ్గర్నించి రబ్బరు తొడుగులు తనే తీసుకుంది. ఆ అమ్మాయి ఏదో అనబోతే, “లెక్క చూడు, తప్పుతుంది” అంది.

గాజు గదిలో సీసాలు మూడు వరసలు ఎదురుచూస్తున్నాయి. తొడుగులు చిన్నవి, వేళ్ళ దగ్గర బిగిశాయి. సంచీ మేకుకి తగిలించి, కుళాయి తిప్పింది. గోడ అవతల కొత్తమ్మాయి మొదలెట్టింది. “ఒకటి.” వెనకాలే వెండికొండ బొంగురు గొంతు, బళ్ళో పిల్లాడిలా, “ఒకటి.”

“రెండు.”

“రెండు.”

నీళ్ళ హోరులో తర్వాతిది వినపడలేదు. చుక్కలక్క కుళాయి కట్టేసింది.